అలలు లేని చోటు

నిద్రపోకూడదు. ఈ ఒక్క పూటా రెప్ప వాల్చకుండా ఉంటే చాలు, ఆ తర్వాత బస్సులో కూలబడి నిద్రపోవచ్చు, ఇంటికెళ్ళి చీకటి పడేదాకా దొర్లవచ్చు, అడిగేవాళ్ళెవరు, అనుకుంటూ గవర్రాజు ఇసుకలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. సరుగుడు చెట్ల నీడ అతని మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. పాదాలు ఎండలో చుర్రుమంటున్నాయి. కావాలనే అలా పెట్టాడు, కాళ్ళకి చల్లదనం తగిలితే కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయని. రాత్రంతా విశాఖపట్నం రేవులో క్రేను మీద కూర్చుని ఓడలోంచి ఎరువు బస్తాలు దించినవాడు, తెల్లారి ఇంటికొచ్చి ఒంటిమీద నాలుగు చెంబులు పోసుకుని, పక్క వంక కన్నెత్తైనా చూడకుండా పెళ్ళాన్ని తీసుకుని భీమిలి బస్సెక్కి ఋషికొండ వచ్చాడంటే మాటలా? రేవులో చెబితే నవ్వుతారు. నవ్వనీ, వాళ్ళ సొమ్మేం పోయింది. ఎదురుగా నీళ్ళలో వరాలు తల కనిపిస్తోంది, మునుగుతోంది, తేలుతోంది, మళ్ళీ మునుగుతోంది. కనిపిస్తోంది కదా, అంతే కావాలి.

వరాలు ఏదీ అడిగే మనిషి కాదు. అందరికీ వరహాలమ్మ, అతనికి వరాలు. చీర అడగదు, సినిమా అడగదు, పుట్టింటికి పంపమని కూడా ఈ మధ్య అడగడం మానేసింది. అలాంటిది నిన్న సాయంత్రం అతను డ్యూటీకి బయల్దేరుతుంటే అన్నం క్యారేజీ చేతికిచ్చి, గుమ్మానికి అడ్డంగా నిలబడి, రేపు ఆదివారం సముద్రానికి వెళ్దాం, నాకు ఈత కొట్టాలనుంది, అంది. చూడడానికి కాదట, ఈత కొట్టడానికట. గవర్రాజుకి నవ్వొచ్చింది గానీ ఆ ముఖం చూసి నవ్వలేదు. సరే అనేశాడు. అనేశాక రాత్రంతా క్రేను మీద తనని తానే తిట్టుకున్నాడు, సరే అనడానికి నోరెలా వచ్చిందిరా నీకు, నడుం వాల్చాల్సిన పూట ఊరేగుతావురా, అని. పొద్దున్న బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆవిడ ఇంకో మాట కూడా అంది.

“మీరు దిగక్కర్లేదండి. ఒడ్డున కూర్చుని నన్ను చూస్తుండండి, అంతే. నిద్దర మాత్రం పోకండి.”

ఆ చివరి మాట తగలవలసిన చోటే తగిలింది. మామూలుగానే అంది, ఎత్తిపొడుపు లేదు, అదే ప్రాణం తీసింది. ఎత్తిపొడిస్తే తిరిగి ఏదో ఒకటి అనేవాడు, ఇద్దరూ కాసేపు అరుచుకునేవాళ్ళు, అరుచుకుని ఎన్నాళ్ళయిందో. బస్సు కైలాసగిరి పక్కనుంచి మలుపు తిరుగుతుంటే అతను కిటికీలోంచి నీళ్ళు చూడకుండా ఆవిడ చేతులు చూశాడు. ఒళ్ళో రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, చిన్నపిల్ల మొదటిసారి బడికి పోతున్నట్టు. కోనసీమలో వాళ్ళ ఊళ్ళు రెండూ ఒకే కాలవ మీద ఉన్నాయి, అతనిది ఎగువన, ఆవిడది దిగువన. అక్కడ పుట్టినవాళ్ళంతా నడుముకి సొరబుర్రలు కట్టుకుని ఈత నేర్చుకున్నవాళ్ళే, అందులో గొప్పేం లేదు. కానీ పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు పిల్ల జుట్టు తడిగా ఉంది. ఏమిటమ్మా అంటే, గేదెల్ని తోలుకు రావడానికి కాలవకి అడ్డంగా ఈదుకుంటూ వెళ్ళొచ్చిందండి, అని వాళ్ళ మేనత్త దాచలేక నవ్వేసింది. ఆ తడిజుట్టు చూసే గవర్రాజు ఒప్పుకున్నాడు. సముద్రం ఉన్న ఊరికి కాపరానికి పోతోందని తోటిపిల్లలంతా కుళ్ళుకున్నారట. వాళ్ళుండే కంచరపాలెంలో నాలుగు వాటాలకీ కలిపి ఒక్కటే కుళాయి, దాని ముందు బిందెల వరుస, అదీ ఆవిడకి దొరికిన సముద్రం. బిందెడు నీళ్ళలో ఏం ఈదుతుంది పాపం? అతను మూడు షిఫ్టుల మనిషి, ఇంటికొస్తే పడక, లేస్తే డ్యూటీ. ఆవిడ గిన్నెలు చప్పుడు కాకుండా కడగడం నేర్చుకుంది. చప్పుడు కాకుండా తలుపు వెయ్యడం, చప్పుడు కాకుండా దగ్గడం కూడా నేర్చుకుంది.

చూడు, తల ఎక్కడ? అదిగో ఉంది. హమ్మయ్య. ఇందాకటి కంటే కొంచెం లోపలికి వెళ్ళినట్టుంది, వెళ్ళనీ, ఈత వచ్చినదానికి లోతైతేనేం. చోటు కూడా మంచి చోటే చూపించాడు. వచ్చీరాగానే నలుగురూ నీళ్ళకి ఎదురుగా నిలబడి ఎక్కడ దిగాలా అని చూశారు. నలుగురంటే వాళ్ళిద్దరూ, త్రినాథరావూ, అతని భార్య చిలకమ్మా. త్రినాథరావు రేవులో అతని జతగాడు. ఓడ మీద నిలబడి చేత్తో సైగ చేసేది అతను, పైన క్రేనులో కూర్చుని ఆ సైగ చూసి బస్తాల వల ఎత్తేదీ దించేదీ ఇతను. పద్మనాభం వైపు వరి పండించుకునే ఊరివాడు, ఊహ తెలిశాక సముద్రంలో మోకాలి లోతు దాటలేదు. చిలకమ్మ అయితే మరీను, పర్వదినాన తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని ఆమె నమ్మకం, ఇవాళ పున్నమీ కాదు అమాసా కాదు అని గొణుక్కుంటూ కాలు తడుపుకోవడానికి కూడా ముందు దణ్ణం పెట్టింది. అటూ ఇటూ తెల్లగా అలలు విరిగిపడుతున్నాయి, మధ్యలో ఒక్కచోట మాత్రం నీళ్ళు బల్లపరుపుగా, కాస్త నల్లగా, సద్దు లేకుండా ఉన్నాయి. గవర్రాజు చెయ్యి చాచి అక్కడ దిగమన్నాడు. నీళ్ళు ఎగిరిపడే చోట దిగకూడదు, నిలకడగా ఉన్న చోట దిగాలి, గోదారి కాలవల మీద ఇది పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. వరాలు కూడా అటే చూస్తోంది అప్పటికే, తలూపింది. నీటి సంగతి నాకేటి తెల్దు బావా, నువ్వు సెప్పిందే, అన్నాడు త్రినాథరావు. చాలా రోజుల తర్వాత ఒక విషయంలో తన మాట చెల్లిందని గవర్రాజుకి లోపల్లోపల సంతోషం కూడా వేసింది. వరాలు చీర కచ్చపోసి, వెనక్కి తిరిగి చూడకుండా నీళ్ళలోకి నడిచింది. నడుం లోతులో ఒళ్ళు వాల్చేసింది, అంతే, ఇన్నేళ్ళ కంచరపాలెం ఆవిడ వీపు మీంచి జారిపోయినట్టు అనిపించింది.

కళ్ళలో ఇసుక పోసినట్టుంది. నిజం ఇసుక కాదు, నిద్ర. రెప్పలు కిందకి దిగుతుంటే చేతివేళ్ళతో పట్టుకుని ఆపాడు, ఎవరైనా చూస్తే పిచ్చివాడంటారు. ఇవతల చిలకమ్మ నురగలో కూర్చుని, అల వచ్చినప్పుడల్లా కెవ్వుమని మొగుడి కాలు పట్టుకుంటోంది. దూరంగా జీపులో వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు లారీ ట్యూబు మీద ఎక్కి పడుతున్నారు. ఇందాక పులిహోర తిన్న అడ్డాకుల విస్తళ్ళు త్రినాథరావు నీళ్ళలో వదిలాడు, అవి ఎండలో మెరుస్తూ పోతున్నాయి. భలే పోతున్నాయి ఒకదాని వెనక ఒకటి, బయట లంగరేసి రేవులోకి పిలుపు కోసం కాచుకునే ఓడల్లాగా. కాదు, ఆ ఓడలు లోపలికి రావాలి, ఇవి బయటికి పోతున్నాయి. పోనీ. రాత్రి ఓడ పేరేమిటో, నోరు తిరగలేదు, ఆ పేరు త్రినాథరావు చదివిన తీరుకి కలాసీలు పడీపడీ నవ్వారు. దీపాల వెలుగులో త్రినాథరావు చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది, మనిషి కనపడడు. పైకి తిప్పితే ఎత్తు, కిందికి ఊపితే దించు, అడ్డంగా చాచి అరచెయ్యి నేల వైపు పెడితే ఆపు. రాత్రంతా ఆ చెయ్యి వంక చూస్తుండడమే తన ఉద్యోగం. చూపు మరలిందంటే కింద ఎవడి నెత్తిమీదో బస్తాలు పడతాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి మరలలేదు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తే అందులో చేరిపోదాం బావా, పగటి ఉద్యోగాలంట, అంటుంటాడు త్రినాథరావు, ఎప్పటికొస్తుందో అది. రేవులో ఇంత చూపు నిలిపేవాడు ఇంట్లో ఎందుకు గుడ్డివాడైపోతాడో గవర్రాజుకి అర్థం కాదు.

వద్దు, ఆ రోజు గుర్తుకు తెచ్చుకోవద్దు. అయినా మనసు మాట వింటుందా, నిద్ర మత్తులో మరీ వినదు, సరాసరి అక్కడికే పోతుంది. బాబుకి అప్పుడప్పుడే దొగ్గాడడం వచ్చింది. ఓడ త్వరగా ఖాళీ చెయ్యాలని వరసగా రెండు షిఫ్టులు చేయించారు. పొద్దున్న ఇంటికొచ్చేసరికి పిల్లాడికి ఒళ్ళు వెచ్చగా ఉందని వరాలు అంది, అతను నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు కూడా, పళ్ళొచ్చే జ్వరంలే అన్నాడు, పడుకున్నాడు. ఆ చెయ్యి వేసింది గుర్తుంది, ఆ వెచ్చదనం గుర్తుంది, ఆ తర్వాత ఏమీ లేదు. మళ్ళీ కళ్ళు తెరిస్తే ఎదురుగా త్రినాథరావు, బావా లెగు, లెగు బావా, అని భుజాలు కుదుపుతున్నాడు. గదినిండా జనం. మధ్యాహ్నం జ్వరం ముదిరి పిల్లాడు కొట్టుకుంటే ఆవిడ ఒక్కతే రిక్షాలో సీతమ్మధార డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళింది, ఒక్కతే వెనక్కి తీసుకొచ్చింది. ఆవిడ ఒళ్ళో, ముఖం మీద దాకా తువ్వాలు చుట్టి ఉంది వాడికి. నన్నెందుకు లేపలేదు, అని అడిగాడు గవర్రాజు. అంతమందిలో ఇంకేం అడగాలో తెలియలేదు. నిద్దరోతున్నారుగా, అంది. అంతే అంది. తిట్టలేదు, గుండెలు బాదుకుని నీ నిద్ర తగలెయ్యా అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. ఆ ఒక్క మాట మింగలేక కక్కలేక ఇన్నాళ్ళూ మోస్తున్నాడు. లేపినా లేచే రకం కాదని ఆవిడ తేల్చేసుకుంది, మనిషిగా లెక్క తీసేసింది, అందుకే లేపలేదు, అని అతని నమ్మకం. అందుకే ఇవాళ ఈ కళ్ళు మూతపడకూడదు. తల పైకెత్తి చూసినప్పుడు ఆవిడకి తను కూర్చుని, కళ్ళు తెరుచుకుని కనపడాలి. ఇది కూడా చెయ్యలేకపోతే ఇంక ఆ ఇంట్లో తనెందుకు?

గడ్డం గుండెకి తగిలి ఉలిక్కిపడ్డాడు. పోయిందా చూపు? ఎంతసేపు? వరాలు తల కోసం వెతికాడు, ఇందాక ఉన్నచోట లేదు. అడ్డాకులు కనిపించాయి, చాలా దూరంలో, అలలు విరిగే గీతకి అవతల, ఇంకా పోతూనే ఉన్నాయి. అటూ ఇటూ అలలన్నీ ఒడ్డుకి వస్తున్నాయి, ఆ ఆకులు మాత్రం ఒడ్డు నుంచి పోతున్నాయి. కాలవలో నీరు ఎటు పోతోందో తెలియకపోతే ఆకు వేసి చూసేవాళ్ళు చిన్నప్పుడు. ఆకు వేసి చూసేవాళ్ళు. అప్పుడు గవర్రాజుకి నిద్ర మొత్తం ఒక్కసారిగా వదిలిపోయింది. అలలు లేని చోటు నిలకడ నీరు కాదు. వచ్చిన నీళ్ళన్నీ తిరిగి పోయే కాలవ అది, సముద్రం లోపలికి పారే కాలవ. ఆ కాలవలోకి తనే చెయ్యి చాచి పంపించాడు. ఆకులకి కొంచెం ఇవతల నల్లటి చుక్క ఒకటి తేలింది. అది వరాలు తల. ఒడ్డు వైపు తిరిగి ఈదుతోంది, చేతులు ఆడుతున్నాయి, మనిషి మాత్రం వెనక్కే పోతోంది.

ఎలా లేచాడో, ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. కాళ్ళు ఇసుకలో కూరుకుపోతున్నాయి. చిలకమ్మ ఏదో అరిచింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి, రొమ్ము దాకా వచ్చాయి, కింద పాదాల కింది ఇసుకని ఎవరో లాగేస్తున్నట్టుంది. ఒక్క బార వేస్తే చాలు, నీరే తీసుకుపోతుంది ఆవిడ దగ్గరికి, ఆ తర్వాత సంగతి తర్వాత. సరిగ్గా అప్పుడు పక్కనుంచి త్రినాథరావు, మోకాలి లోతు దాటని త్రినాథరావు, మెడ లోతు నీళ్ళలో ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఉప్పునీళ్ళు మింగి దగ్గుతున్నాడు. చెయ్యి అడ్డంగా చాచి, అరచెయ్యి కిందికి పెట్టాడు. గవర్రాజు ఆగిపోయాడు. మనసు ఆగమనలేదు, ఒళ్ళు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి అలా పెడితే ఆగిన ఒళ్ళు అది.

“నువ్వెల్తే ఇద్దరూ పోతారు బావా. సెల్లిని సూడు. అడ్డంగా ఈదతన్నాది, సూడు.”

అతన్ని రెక్క పట్టి ఇవతలికి ఈడ్చుకొచ్చి పడేసి, త్రినాథరావు తడి పంచె పైకి దోపుకుంటూ ట్యూబు కోసం కాలేజీ కుర్రాళ్ళ వైపు పరిగెత్తాడు. గవర్రాజు నురగలో మోకాళ్ళ మీద నిలబడి చూశాడు. చూడడం తప్ప చెయ్యడానికి ఇంకేం మిగల్లేదు. నిజమే, ఆవిడ ఒడ్డు వంక ఈదడం మానేసింది. కాలవ దాటేటప్పుడు ఎదురుగా ఉన్న రేవుకి గురిపెట్టి ఎవరూ ఈదరు. నీరు పోయేవైపు పోనిస్తూ, పక్కకి పక్కకి జరుగుతూ, ఎక్కడో దిగువన తేలతారు. వరాలు తీరం చివరనున్న కొండ వైపుకి అలాగే జరుగుతోంది, తొందర లేకుండా, గేదెల వెనక పోతున్నట్టు. ఒక్క కేక వెయ్యలేదు. చెయ్యి ఎత్తలేదు. పిలవవే, ఒక్కసారి పిలువు, అని గవర్రాజు లోపల అరుస్తున్నాడు, పిలిస్తే ఏం చేస్తాడో తెలియకుండానే. అల అడ్డం వచ్చినప్పుడు తల పోతుంది, అతని ఊపిరి కూడా పోతుంది, అల దిగాక మళ్ళీ ఉంటుంది. పక్కన చిలకమ్మ గంగమ్మ తల్లికి పసుపూ కుంకుమా కోడిపెట్టా మొక్కేస్తోంది. నల్లనీళ్ళు దాటి ఆవిడ తెల్లనీళ్ళలో పడింది. ఒక అల ఎత్తి తెచ్చింది, ఇంకోటి దొర్లించింది, ఇంకోటి దొర్లించింది. కొండ కింద రాళ్ళకి ఇవతల మనిషి నాలుగు కాళ్ళ మీద లేవడం కనిపించింది.

అతను ఆ దూరమంతా పరిగెత్తలేకపోయాడు, సగం పరుగు, సగం నడక, చివర దాదాపు పాకడం. వరాలు కూర్చుని రొప్పుతోంది. జుట్టు ముఖమంతా అంటుకుపోయింది, మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. అతన్ని చూసి, చీర మీది ఇసుక దులుపుకోబోయి మానేసింది. గవర్రాజు ఎదురుగా చతికిలబడ్డాడు. చూస్తూనే ఉన్నానని చెప్పాలనుకున్నాడు, కాసేపు రెప్ప పడిందని చెప్పాలనుకున్నాడు, చోటు తప్పు చూపించానని కాళ్ళు పట్టుకోవాలనుకున్నాడు. తీరా నోరు తెరిచి అడిగింది వేరే.

“పిలవలేదేం వరాలూ? ఒక్క కేక అయినా వెయ్యలేదేం?”

ఆవిడ అతని వంక వింతగా చూసింది, ఇది కూడా అడగాలా అన్నట్టు.

“పిలిస్తే వచ్చేస్తారు. రాత్రంతా కునుకు లేదు మీకు, ఒంట్లో సత్తువ ఎక్కడుంది? వచ్చి మునిగిపోయేవారు. వస్తారని తెలిసే పిలవలేదండి.”

వస్తారని తెలిసే. ఇన్నాళ్ళూ మోసినది ఒక్కసారి చేతుల్లోంచి జారితే మనిషి తూలిపోతాడు, అలా తూలాడు గవర్రాజు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే. ఆవిడ నీళ్ళ వంక చూస్తోంది. అతన్ని చూడకుండానే, మెల్లగా అంది.

“ఆ రోజు మాత్రం లేపాల్సిందండి. అలసిపోయారని, కాసేపు పడుకోనిద్దామని ఊరుకున్నాను. లేపుంటే బాబు మిమ్మల్ని ఒక్కసారి చూసి పోయేవాడు.”

అప్పుడు ఏడుపొచ్చింది గవర్రాజుకి. పిల్లాడిని మట్టి చేసిన రోజు రాని ఏడుపు, ఇంత ఆలస్యంగా, పట్టపగలు, నడి ఎండలో వచ్చింది. దూరంగా త్రినాథరావూ కుర్రాళ్ళూ ట్యూబు మోసుకుంటూ వస్తున్నారు. వాళ్ళు చూస్తారని మోకాళ్ళలో తల దూర్చి, పంటి కింద పెదవి నొక్కి, చప్పుడు కాకుండా ఆపుకోబోయాడు. వరాలు జరిగి వచ్చి, ఒళ్ళంతా నీళ్ళోడుతూనే, అతని పక్కన కూర్చుంది.

“ఆపుకోకండి,” అంది. “ఈ హోరులో ఎవరికీ వినపడదు.” అని తను కూడా మొదలుపెట్టింది.